ఇంద్రజ పేరు మీద

కంచన్‌బాగ్,
14 జూలై 2024

ఇందూ,

కవరు మీద ‘సిస్టర్ అమలోద్భవి’ అని రాస్తాను గానీ లోపలికి వచ్చాక రాయలేను. నువ్వు మఠంలో చేరి ఆరేళ్లవుతున్నా నా చెయ్యి ఆ పేరుకు తిరగడం లేదు. ఈ ఉత్తరం నీకంటే ముందు మీ మదర్ చదువుతారు కాబట్టి ఆమెకు నా నమస్కారాలు. నా దస్తూరీని మన్నించమని కూడా చెప్పు.

అమ్మ పోయి ఏడాదైన రోజున గుడిలో పూజ చెప్పించాం. మీ బావ ప్రేమ్‌రాజ్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. సమాధి మీద గడ్డి పీకి, సున్నం వేసి వచ్చాం. చిన్న కూతురు మట్టి వేయడానికి కూడా రాలేదని మేనత్తలు మళ్లీ అన్నారు. ఆ మఠం పద్ధతి అంతే, లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రారు అని నేను మళ్లీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా నాకే నమ్మకంగా వినిపించదు.

అసలు సంగతి ఇది. అమ్మ ఆసుపత్రి బిల్లుకు నా క్రెడిట్ కార్డు గీశానని అప్పట్లో రాశాను కదా, లక్షా ఎనభై వేలు. కాంట్రాక్టు లెక్చరర్ జీతం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అందుకని నెలనెలా కనీస మొత్తం మాత్రం కడుతూ వచ్చాను. మొన్న లెక్క చూస్తే అంతా వడ్డీకే పోయింది, అసలు ఉన్నచోటే ఉంది.

పత్తర్‌గట్టిలో సూట్‌కేసులు అమ్మే బాబూమియా గుర్తున్నాడా? నీ నల్ల పెట్టె ఆయన దగ్గరే కొన్నాం. ఆయనకు ఈ కార్డుల సంగతులన్నీ కొట్టిన పిండి. ఒక బ్యాంకు కార్డు మీది బాకీని ఇంకో బ్యాంకు కార్డు మీదికి మార్చుకోవచ్చట, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కొత్త బ్యాంకు ఆర్నెల్ల పాటు నామమాత్రపు వడ్డీ తీసుకుంటుందట. ఆ గడువులో అసలు తీర్చుకోవచ్చు.

“ఇంట్ల ఇంకెవరి పేరు మీదనన్న కార్డు లేదా అమ్మా?” అన్నాడు.

“మా చెల్లెలిది ఉంది. కానీ ఆమె లోకాన్ని వదిలేసింది కదా భాయ్.”

“ఆమె లోకాన్ని వదిలింది. బ్యాంకోళ్లు ఆమెను వదిలిండ్రా?” అని పకపకా నవ్వాడు.

వదల్లేదు. వదలనీయకుండా చేసింది నేనే. వెళ్లేటప్పుడు మూయించమని నువ్విచ్చిన కార్డును నేను మూయించలేదు. వాడకపోతే వాళ్లే మూసేస్తారని ఏటా నీ పుట్టినరోజున దాని మీద ఇంటి కరెంటు బిల్లు కట్టి, మర్నాడే తీర్చేదాన్ని. నీ పాత ఫోను కూడా ఛార్జింగు పెట్టుకుంటూ బీరువాలో అమ్మ చీరల కింద ఉంచాను.

నీ పేరుకు వచ్చిన అవకాశం ఆదివారంతో ముగిసిపోతుందన్నారు. నీకు రాసి, జవాబు వచ్చేదాకా ఆగే వీలు లేదు. బ్యాంకు అమ్మాయి ఫోన్‌లో “ఇంద్రజగారేనా మాట్లాడేది?” అంది. “అవునండీ, నేనే” అన్నాను. ఇందూ, ఆ గొంతు నాది కాదు. నీలాగే చివర కొంచెం సాగదీశాను. కావాలని చేయలేదు, అలా వచ్చేసింది.

బాకీ ఇప్పుడు నీ పేరు మీద ఉంది. ఆర్నెల్లలో తీరుస్తాను. కోపం వస్తే వచ్చే ఉత్తరంలో తిట్టు.

నీ గదికి కిటికీ ఉందో లేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఉందనే అనుకుంటూ,

అక్క


మఠం,
11 ఆగస్టు 2024

అక్కా,

ప్రభువు నీ గడప దగ్గరే ఉండుగాక.

కిటికీ ఉంది. దానిలోంచి గోడ కనిపిస్తుంది. పొద్దున గోడ మీదికి ఒక ఉడుత వస్తుంది. మాకు ఉన్న ఒకే ఒక్క అతిథి అది.

ఈ నెల నుంచి అప్పాల పని నాకు వేశారు. పూజలో పంచే పలుచటి అప్పాలను ఇనుప పెనాల మధ్య కాల్చి, గుండ్రంగా కోసి చర్చిలకు పంపుతాం. కోయగా మిగిలిన అంచులు మాకు. వాటికి రుచి ఉండదు, వాసన మాత్రం ఉంటుంది.

నీ మీద కోపం లేదు. అమ్మ బాకీలో సగం నాది కూడా. కానీ ఒక మాట నీకు తెలియాలి. వచ్చే మే 31న నా చివరి మాటపట్టు. ఆ రోజు చేసే ప్రమాణం చనిపోయేదాకా. దాని ముందురోజు ఒక కాగితం మీద నా చేత్తో రాసివ్వాలి, లోకంలో నా పేరు మీద ఎవరికీ బాకీ లేదని. బాకీ ఉంటే నన్ను తీసుకోరు. దాచి రాస్తే ఆ మాటపట్టు మాటపట్టే కాదు. మదర్‌తో అన్నీ చెప్పాను. మే లోపల తీరితే చాలన్నారు. తీరుతుంది కదా?

ఇంకొకటి చెబితే నవ్వకు. ఇంద్రజ అన్న పేరును ఇక్కడికి వచ్చిన రోజున చెప్పుల్లా తలుపు బయట విడిచాను. నీ ఉత్తరం చదువుతుంటే వాటిలో ఎవరో కాళ్లు పెట్టినట్టనిపించింది.

గంట కొడుతున్నారు. ఉంటాను.

నీ చెల్లి,
సి. అమలోద్భవి


కంచన్‌బాగ్,
22 సెప్టెంబర్ 2024

ఇందూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి వానతో మొదలుపెడతాను. మన గల్లీ అంతా మోకాలి లోతు నీళ్లు. ప్రేమ్‌రాజ్ స్కూటర్ తోసుకుంటూ వచ్చి, “ఏందే, మనం ఇల్లు కిరాయికి తీస్కున్నమా, నాలా తీస్కున్నమా?” అన్నాడు. నవ్వాను. తర్వాత బీరువాలో ఫోను తీసి చూస్తే మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ ఉంది, నవ్వు ఆగిపోయింది.

అది రెండో మెసేజ్. మొదటిది ఈ నెల మొదటి శుక్రవారం వచ్చింది, నీ కార్డు మీద మొఘల్‌పురా బేకరీలో అరవై రూపాయలని. రెండోది లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం. కార్డు నా పర్సులోనే ఉంది. నేను దాన్ని బయటికి కూడా తీయలేదు.

ముందు బాబూమియా మీద అనుమానపడి వెళ్లాను. “కసమ్ సే అమ్మా! నీ చెల్లెలి నంబర్ నాకు యాదుంటే నా పెట్టెల తాళాలన్నీ తుప్పు పట్టిపోవాలె” అన్నాడు. ఆ ముఖం చూస్తే అబద్ధమనిపించలేదు.

అక్కడి నుంచి బేకరీకి వెళ్లాను. కౌంటర్లో తారిక్ ఉన్నాడు, నువ్వు స్కూల్లో చెప్పే రోజుల నుంచీ ఉన్నవాడే.

“మీ చెల్లెలే వచ్చింది గదా మేడం” అన్నాడు. “ఎప్పటి లెక్కనే ఉస్మానియా బిస్కట్లు తీస్కుంది. ఒకటి ఈడనే నిలబడి తిన్నది, కడమయి కాగితంల కట్టియ్యమన్నది. అమ్మకట. మస్తు రోజులాయె టీచరమ్మా అన్న. నవ్వింది అంతే.”

“నిజంగా ఆమేనా?”

“గట్లడుగుతరేంది మేడం? అయిదేండ్లు రోజూ చూసిన మనిషిని గుర్తువట్టనా?”

ఇందూ, ఇక సూటిగా అడుగుతాను. మదర్ చదివినా సరే. అమ్మను మట్టిలో పెట్టిన రోజు తెరుచుకోని తలుపు బిస్కట్ల కోసం ఎలా తెరుచుకుంది? ఊళ్లోకి వచ్చినదానివి ఇంటికి ఎందుకు రాలేదు? నేను ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం నాకు మధ్యాహ్నం క్లాసులు లేవని నీకు తెలుసు.

రూప


మఠం,
13 అక్టోబర్ 2024

అక్కా,

నేను గడప దాటలేదు. ఈ మాట కింద సంతకం పెడతానని మదరే అన్నారు. పెట్టారు, చూడు.

నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మడిచి పెట్టేశాను. కోపంతో అనుకుంటావేమో, కాదు. ఆ శుక్రవారం మాకు ఉపవాసం. పెనం మీద అప్పాలు కాలుతుంటే ఆ వాసనకు ఉన్నట్టుండి తారిక్ బేకరీ కళ్ల ముందు నిలబడింది. ఒక బిస్కట్ అక్కడే నిలబడి తినాలనీ, మిగిలినవి అమ్మకు పట్టుకెళ్లాలనీ అనిపించింది. అమ్మ లేదన్న సంగతి ఆ క్షణం గుర్తు లేదు. గుర్తు రాగానే సిగ్గుపడి, కోరికను దేవుడికిచ్చేసి పనిలో పడ్డాను. ఎవరికీ చెప్పలేదు. గాజుల సంగతీ అంతే. ఎవరో గిన్నెలు కడుగుతుంటే ఆ చప్పుడు గాజుల్లా వినిపించింది.

మరి నీకెలా తెలిసింది?

నా మనసులోది నాకంటే ముందు తెలుసుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఫోన్‌లో నా గొంతుతో ‘నేనే’ అన్నదానివి నా చీర కట్టుకుని బజారుకు వెళ్లలేవా? మనిద్దరినీ వెనకనుంచి చూసి నాన్నే పొరబడేవాడు. నన్ను వెనక్కి రప్పించాలని ఇదంతా చేస్తుంటే, దయచేసి ఆపెయ్యి. నువ్వు నన్ను వెళ్లనిచ్చావు గానీ ఒప్పుకోలేదు. అది నాకు తెలుసు.

ఉడుత ఈ వారం రాలేదు.

సి. అమలోద్భవి


కంచన్‌బాగ్,
10 నవంబర్ 2024

ఇందూ,

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత నా మీదే అనుమానం వచ్చింది. నిజంగా నేనే వెళ్లానా? మతి తప్పి తిరుగుతున్నానా? కాలేజీలో హాజరు పట్టీలు తీయించి చూసుకున్నాను. గాజులు కొన్న సమయానికి నేను రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ రోజు ఇద్దరిని బయట నిలబెట్టాను కూడా, వాళ్లకూ గుర్తుంది. అయినా మనసు కుదుటపడలేదు. పాఠం చెబుతున్నది నేనేనని ఎవరు చెప్పాలి?

ప్రేమ్‌రాజ్ ఇంత ఆలోచించడు. ఫ్యాక్టరీ నుంచి రేకు కోసే కత్తెర తెచ్చి నీ కార్డును నాలుగు ముక్కలు చేశాడు. “ఇగ ఎవడు గీకుతడో నేను గూడ చూస్త” అన్నాడు.

ఆ తర్వాత మృతుల పండుగ నాడు మెసేజ్ వచ్చింది. బంతిపూలు, కొవ్వొత్తులు. మేం సమాధుల తోటకు వెళ్లేసరికి అమ్మ దగ్గర అప్పటికే కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. నువ్వు పెట్టినట్టే, గాలి తగలకుండా శిలువ వెనక. ప్రేమ్‌రాజ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మర్నాడు కార్డు ఆపేయమని చెబుదామని బ్యాంకుకు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి, “ఇంద్రజ మేడం, ఇందాకే కాల్ చేసి ఆ ఖర్చులన్నీ మీవేనని చెప్పారు కదా? మీ అమ్మగారి పేరు, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా చెప్పారు” అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మళ్లీ చేయలేదు. చేయగలను, కానీ చేయలేదు. ఎందుకంటే బీరువాలో ఆ ఫోను మోగినప్పుడల్లా భయం కంటే ముందు ఇంకొకటి వస్తుంది. నువ్వు ఊళ్లోనే ఉన్నావన్న ధైర్యం. నన్ను తిట్టుకో. నిన్ను రప్పించడానికి ఎర వేస్తున్నాననుకున్నావు. నేను వేయలేదు. కానీ దాని దగ్గర కూర్చుని చూస్తున్నది మాత్రం నేనే.

ఆగమన కాలంలో మీకు ఉత్తరాలు ఉండవు కదా. క్రిస్మస్ దాటాకే నీ మాట వింటానన్నమాట.

అక్క


మఠం,
5 జనవరి 2025

అక్కా,

నిన్ను అనుమానించినందుకు క్షమించు. ఆగమన కాలమంతా మాట్లాడకుండా ఉండి ఆలోచించాను. నువ్వు కాదు. నేనే. నేను దేన్ని కోరుకుని వదిలేస్తానో దాన్ని అక్కడ ఎవరో కొంటున్నారు. ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది.

మదర్ నమ్మలేదు. నవ్వనూ లేదు. “అయితే పరీక్షించు” అన్నారు. అందుకని అడుగుతున్నాను. క్రిస్మస్ వారంలో నాకొక కోరిక కలిగింది. అలాంటిది ఎప్పుడూ కలగలేదు, లేదా కలుగుతున్నట్టు నాకు నేనే తెలియనీయలేదు. అదేమిటో నీకు రాయను. మదర్‌కు మాత్రం చెప్పాను. నీ బీరువా ఏం చెప్పిందో నువ్వు రాయి. రెండూ కలవకపోతే మనిద్దరం అలసిపోయిన అక్కాచెల్లెళ్లం, అంతే. కలవకూడదనే ప్రార్థిస్తున్నాను.

నీ ఆర్నెల్ల గడువు ఈ నెలతో అయిపోతుంది కదా. బాకీ ఎంతవరకు వచ్చింది?

సి. అమలోద్భవి


కంచన్‌బాగ్,
9 ఫిబ్రవరి 2025

ఇందూ,

చంటిపిల్ల స్వెట్టర్. పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో, క్రిస్మస్ వారంలో. పసుపు రంగుదట.

నేను వెళ్లి అడిగాను. దుకాణంలో ఇంద్రజ అనే అమ్మాయి ఉంది, నీ పేరే. బిల్లు మీద పేరు చూసి ఇద్దరం నవ్వుకున్నామని, అందుకే బాగా గుర్తుందని చెప్పింది.

“బిడ్డను చంకలేసుకుని వచ్చింది అక్కా. రెండేండ్లు ఉంటయేమో. ఒక్క సైజు పెద్దది ఇయ్యమన్నది, పెరుగుతది గదా అని. పిల్ల మంచిగ ఉన్నది గని ఒక్క ముక్క మాట్లాడలే. నన్నే చూసుకుంట కూసున్నది.”

దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను. నాకూ ప్రేమ్‌రాజ్‌కూ పిల్లలు లేరు, నీకు తెలుసు. ఆ సంగతి మేం మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు భయమేయలేదు. పిల్లకు సైజు సరిపోయిందో లేదో అన్న ఆలోచన వచ్చింది. ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు కలం కింద పెట్టాను.

బాకీ సంగతి సిగ్గుతో రాస్తున్నాను. సగం కూడా తీరలేదు. గడువు దాటింది, ఇప్పుడు నీ పేరు మీద పూర్తి వడ్డీ నడుస్తోంది. పైగా ఆమె ఖర్చులు. పాలడబ్బా, మందులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ ఇల్లు ఎక్కడుందో నాకు తెలియదు. దాని సామాను మాత్రం ఒక్కొక్కటిగా తెలుస్తోంది.

బాబూమియా ఒక దారి చెప్పాడు. నా పాత కార్డు ఖాళీగానే ఉంది కదా, ఆ బ్యాంకు వాళ్లు ఇప్పుడు నాకు ఇలాంటిదే ఇస్తామంటున్నారు. నీ మీద ఉన్నదంతా నా మీదికి తెచ్చుకుని, నీ కార్డును శాశ్వతంగా మూయించవచ్చు. మే నాటికి నీ పేరు శుభ్రం.

నీ కోరికతో కలిసిందా? త్వరగా రాయి.

అక్క


మఠం,
2 మార్చి 2025

అక్కా,

కలిసింది.

ఆ క్రిస్మస్ వారంలో పశువుల పాక బొమ్మలు సర్దుతున్నాను. గడ్డి మీద పడుకోబెట్టిన బాలయేసు బొమ్మకు చలేస్తుందేమో అనిపించింది. కాసేపటికి నేను ఆలోచిస్తున్నది బొమ్మ గురించి కాదని తెలిసింది. అంతే, ఇంతకంటే రాయలేను.

మదర్ నీ ఉత్తరాన్ని నా చేతికిస్తూ, “బాకీ తీర్చెయ్యమని రాయి” అన్నారు. రాస్తున్నాను. తీర్చెయ్యి. నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నాను. ఆ గోడ, ఆ పెనం, ఆ గంట, ఇవే నావి. ఈ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా వెనక్కి రావాలని అనిపించలేదు. నిజం చెబుతున్నాను.

కానీ ఆమె దగ్గర పాప ఉంది అక్కా. కార్డు మూస్తే పాప ఎక్కడికి పోతుంది? నేను వద్దన్న బతుకునంతా ఆమె బతుకుతోంది. దాన్ని ఆపమని చెప్పే హక్కు నాకుందా? నాకు తెలియదు.

బుధవారం నుంచి తపస్సు కాలం. ఈస్టర్ దాకా నేను రాయలేను, నీ ఉత్తరాలూ నాకివ్వరు. కాబట్టి నిర్ణయం నీకు వదులుతున్నాను. నువ్వేం చేసినా మే 30న ఆ కాగితం మీద నువ్వు చెప్పిందే రాస్తాను. తీరలేదంటే తీరలేదని రాసి, పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. నువ్వు సంతోషిస్తావని కూడా తెలుసు.

నీ చెల్లి


కంచన్‌బాగ్,
27 ఏప్రిల్ 2025

ఇందూ,

పునరుత్థాన పండుగ శుభాకాంక్షలు. బాకీ తీరింది.

చాలా రోజులు ఏమీ చేయలేదు. నేను ఊరుకుంటే చాలు, మే నెలాఖరుకు నువ్వు నల్ల పెట్టెతో ఇంటికొస్తావు. ఒక్క పనీ చేయనక్కర్లేదు. అది ఎంత తేలికో చూసి నాకే భయమేసింది. ప్రేమ్‌రాజ్‌తో అన్నాను.

“పేరు ఆమెది, బాకీ మనది” అన్నాడు. “ఆమె దేవుని ముంగట నిలబడాలంటే మన సామాను ఆమె నెత్తి మీద పెడ్తమా? తెచ్చుకో మన ఇంటికి. ఫికర్ చెయ్యకు, నేనున్న.”

మర్నాడు పత్తర్‌గట్టికి వెళ్లాను. రంజాన్ చివరి రోజులు, మధ్యాహ్నానికే కాలు పెట్టే సందు లేదు. బాబూమియా దుకాణం ముందు నిలబడ్డాను. ఎదుటి చెప్పుల బండి దగ్గర నాకు వీపు పెట్టి ఒక ఆమె ఉంది. నీ ఊదారంగు చీర. మఠానికి వెళ్లేముందు నువ్వు పనిమనిషికి ఇచ్చేసిన చీర. చంకలో పాప.

పాప నా వైపే చూస్తోంది. అమ్మ నుదురు ఇందూ. అచ్చం అమ్మ నుదురు.

ఆమె వెనకకు వెళ్లి, ఇంకొక్క అడుగు వేస్తే తగిలేంత దగ్గరగా నిలబడి, “కార్డు మూసేస్తున్నాను” అన్నాను. పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు.

ఆమె తిరగలేదు. పాప కాలికి ఒక చెప్పు తొడిగి చూస్తూ, “చెప్పులు కొనే దాకన్న ఆగవా అక్కా” అంది.

ఆగాను. చెప్పులు కొంది. నా సంచిలోంచి నీ ఫోను మోగింది. ఆ చప్పుడుకు తల దించి, ఎత్తేసరికి ఆ చోట బేరం చేస్తున్నవాళ్లు వేరెవరో.

బాబూమియా స్టూలు వేసి కూర్చోబెట్టాడు. “ఏమైందమ్మా, రంగు పోయింది నీది?” అంటూనే నా బ్యాంకుకు ఫోన్ కలిపాడు. అటునుంచి అమ్మాయి, “రూపగారేనా మాట్లాడేది?” అంది. ఎంత చిన్న ప్రశ్న! అవును అనడానికి నాకు చాలాసేపు పట్టింది. అన్నాక ఆ అమ్మాయి, “మేడం, ఒక్కరే మాట్లాడండి ప్లీజ్, ఇద్దరి గొంతులు వినిపిస్తున్నాయి” అంది. బాబూమియా నోరు మెదపలేదు.

మొత్తం నా పేరు మీదికి వచ్చింది. నీ కార్డు మూసినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం దీనితో పంపుతున్నాను. సిమ్ము తీసి విరిచేశాను. ఆ రోజు నుంచి బీరువా చప్పుడు లేదు. తారిక్‌ను అడిగితే టీచరమ్మ మళ్లీ రాలేదన్నాడు. నేను ఏడ్చాను. నిన్ను మఠంలో దింపిన రోజున ఏడవలేదు, దానికీ కలిపి ఇప్పుడు ఏడ్చాను.

నీ కాగితం ధైర్యంగా రాసుకో. నీ పేరు మీద ఎవరికీ ఏమీ లేదు. 31న నేను వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను.

అక్క


కంచన్‌బాగ్,
19 మే 2025

ఇందూ,

రాలేను. డాబా మెట్ల మీద జారి పడ్డాను, కుడికాలు మడమ దగ్గర విరిగింది. మోకాలి దాకా పిండికట్టు. మంచం దిగాలంటే ప్రేమ్‌రాజ్ భుజం కావాలి. “మహారాణి లేస్తరా, పల్లకి తేవాల్నా?” అని రోజూ ఎకసెక్కం. నన్ను వదిలి ఆయన ఒక్కడూ రానంటున్నాడు. ఇంతకాలం ఎదురుచూసిన రోజున నీ దగ్గర మనవాళ్లు ఒక్కరూ ఉండరు. దీనికి నన్ను ఎలా క్షమిస్తావో.

మందుల మత్తులో ఏం చేస్తున్నానో తెలియడం లేదు. నిన్న నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, నా కార్డు మీద మీ ఊరికి రైలు టికెట్టు కొన్నట్టు. 30వ తారీఖుకు, ఒకరికి. ప్రేమ్‌రాజ్ తాను కొనలేదంటున్నాడు. మత్తులో నేనే కొని మరిచిపోయుంటాను. రద్దు చేయించాలి.

ఆ రోజంతా నీకోసం ప్రార్థిస్తూ పడుకుంటాను.

అక్క


మఠం,
3 జూన్ 2025

అక్కా,

నువ్వు రాలేనని రాసిన ఉత్తరం నా చేతికి అందేసరికి 30వ తారీఖు. ఏడ్చుకుంటూనే ఆ కాగితం రాసిచ్చాను, నా పేరు మీద ఎవరికీ బాకీ లేదని. అంత దిగులు పెట్టి, ఇంత సంతోషం దాచుకున్నావా? కాలు విరిగిందని ఎందుకు రాశావు? మదర్ కూడా నవ్వారు.

నన్ను నేల మీద బోర్లా పడుకోబెట్టి నల్లగుడ్డ కప్పారు. పైన పునీతుల పేర్లు ఒక్కొక్కటే పాడుతున్నారు. గుడ్డ కింద చీకటిలో నాకు అమ్మ గుర్తొచ్చింది, నువ్వు గుర్తొచ్చావు. సరిగ్గా అప్పుడే కమ్మీల అవతల, బంధువులు కూర్చునే వైపు, ఒక పాప నవ్వింది. పాట కూడా ఒక్క క్షణం తడబడింది. లేచి చూస్తే ముందు వరుసలో నువ్వు.

ఎంత బాగున్నావక్కా! పదేళ్లు వెనక్కి వెళ్లినట్టున్నావు. తర్వాత మాటల గదిలో మనకిచ్చిన ఆ కాసేపూ నువ్వు మాట్లాడలేదు, నేనే వాగాను. పాప కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి నా వేలు పట్టుకుని వదల్లేదు. నువ్వు రాసింది నిజమే, అమ్మ నుదురే. వెళ్లేముందు నువ్వన్న ఒక్క మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “ఇగ నా దగ్గర్నే ఉంటది ఇందూ. నువ్వు నిమ్మళంగ ఉండు.” పాపను చంకనేసుకుని మెట్లు దిగి వెళ్లావు. ఎక్కడా కుంటలేదు.

ప్రేమ్‌రాజ్ బావ ఏమంటున్నాడు? ఇల్లు కళకళలాడుతోందా?

నాకు ఇప్పుడు ఏ కోరికా లేదు. లోపలంతా వెతికి చూసుకున్నాను. ఒక్కటి మాత్రం అడగడం మరిచిపోయాను. పాపను ఏమని పిలుస్తున్నావో రాయి.

నీ చెల్లి,
సి. అమలోద్భవి